కానరాని దెబ్బ

2019వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన లండను నగరమందలి లార్డ్సు మైదానమున ఇంగ్లండు, ఆస్ట్రేలియా జట్లకు టెస్టు క్రికెట్ పోటీ జరుగుచుండెను. ఆస్ట్రేలియా ఆటగాడు స్టీవ్ స్మిత్ 80 పరుగులు చేసియుండగా, జోఫ్రా ఆర్చర్ విసరిన బంతి గంటకు 148 కిలోమీటర్లకు పైబడిన వేగముతో వచ్చి అతని ఎడమ చెవి క్రింద మెడకు తగిలెను. స్మిత్ నేలకొరగెను. వైద్య పరీక్షలలో దోషమేమియు కానరాలేదు. గంటలోపలనే అతడు మరల ఆటకు దిగి మరి 12 పరుగులు చేసెను. గండము గడచినదని తోచెను. కాని మరునాటి ఉదయము తలనొప్పి పట్టుకొనెను. తల దిమ్ముగా నుండెను. వైద్యుడు అతనిని ఆటనుండి తప్పించెను. తలదెబ్బ తిన్నవానికి బదులుగా మరియొకరు ఆడవచ్చునను నిబంధన ఆ నెలలోనే అమలులోనికి వచ్చియుండుటచే మార్నస్ లబుషేన్ అతని స్థానమున దిగెను. టెస్టు క్రికెట్టులో అట్లు దిగిన మొదటివాడు అతడే. తరువాతి టెస్టునను స్మిత్ ఆడలేదు. నాలుగవ టెస్టునకు మాంచెస్టరులో తిరిగివచ్చి 211 పరుగులు చేసెను.

దెబ్బ మెడకు తగిలినచో తల ఏల దిమ్మెక్కవలెను? మొదటి దినమున లేని బాధ రెండవ దినమున ఎట్లు వచ్చెను?

మెదడు పుర్రెకు అంటుకొని యుండదు. పలుచని ద్రవమున తేలుచుండును. తాకిడి ఎచ్చట తగిలినను తల ఒక్క పెట్టున కదలినచో, మెదడు లోపల కుదుపునకు లోనగును. సన్నని నాడీతంతువులు సాగును. కణములలో నుండవలసిన పొటాషియము వెలికి వచ్చును. వెలుపలి కాల్షియము లోనికి చొచ్చును. వానిని యథాస్థానమునకు చేర్చుటకు కణములకు అధికమైన శక్తి కావలెను. సరిగా ఆ సమయముననే మెదడునకు రక్తప్రసారము తగ్గును. ఈ కొరత తీరుటకు దినములు పట్టును. దీనినే వైద్యులు కంకషన్ అందురు. ఎముక విరుగదు, రక్తము కారదు, సి.టి. స్కానులో సాధారణముగా ఏమియు కనబడదు. స్పృహ తప్పినగాని మెదడునకు దెబ్బ తగులలేదని తలచుట పొరపాటు. ఎక్కువమందికి స్పృహ తప్పదు. హెల్మెట్ పుర్రెను కాపాడునేగాని లోపలి కుదుపును పూర్తిగా ఆపజాలదు.

తలనొప్పి, వాంతి, కన్నులు తిరుగుట, వెలుతురును ధ్వనిని ఓర్వలేకుండుట, మరపు, చిరాకు దీని లక్షణములు. విద్యార్థి చదివిన వాక్యమునే మరల మరల చదువుచుండును; ఇంటివారు అది సోమరితనమని కోపించుటయు కలదు. సాధారణముగా పెద్దలకు రెండు వారములలో, పిల్లలకు నాలుగు వారములలో నయమగును. మొదటి దెబ్బ మానకముందే రెండవది తగిలినచో, అరుదుగానైనను, మెదడు ఉబ్బి ప్రాణము పోవచ్చును. కావున బాలుడు తనకేమియు లేదన్నను ఆనాడు తిరిగి ఆటకు పంపరాదు. ఆ మాట పలుకునది దెబ్బతిన్న మెదడే కదా!

వారములకొలది చీకటిగదిలో పరుండబెట్టు పాత పద్ధతిని వైద్యులు విడిచిరి. ఒకటి రెండు దినముల విశ్రాంతి, పిదప నడక, కొంచెము చదువు, వైద్యుని అనుమతి పిమ్మట ఆట. కాని వాంతులు ఆగకున్నను, తలనొప్పి పెరుగుచున్నను, మాట తడబడినను, మూర్ఛ వచ్చినను, ఒక కనుపాప పెద్దదైనను, లేపినను లేవకున్నను పుర్రెలోపల రక్తము కారుచుండవచ్చును. అప్పుడు క్షణమైన తడయక 108కి ఫోను చేయవలెను.