బారువ ఇసుక తీరం

ఆవర్‌పూర్ మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో ఉంది. అక్కడి గనుల నుండి తవ్విన సున్నపురాయి సిమెంటు ఫ్యాక్టరీకి వెళ్తుంది. ఆ రాయి కోట్లాది సంవత్సరాల కిందట సముద్రం అడుగున పేరుకొన్నదే! అయినా ఆ ఊరి పిల్లలకు సముద్రం చాలా దూరం.

ఆ ఊళ్లోని ఒక తెలుగు కుటుంబానికి చెందిన అన్నాచెల్లెళ్లు వేసవి సెలవులకు తాతగారింటికి బయలుదేరారు. బల్లార్షాలో రైలెక్కి, విజయవాడలో మరో రైలు మారి, శ్రీకాకుళం జిల్లాలోని సోంపేటలో దిగారు. మరునాడు తెల్లవారకముందే తాతయ్య వాళ్లను బారువ తీరానికి తీసుకొనివెళ్లాడు. మహేంద్రతనయ నది సముద్రంలో కలిసేది అక్కడే. పూర్వం బారువ ఓడలు ఆగే రేవు. దారి పొడవునా కొబ్బరితోటలు. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుఫాను ఈ ప్రాంతంలో ఎన్నో చెట్లను కూల్చింది.

ఊరు దాటి నది మొగ వైపు నడిచారు. దుకాణాలు లేవు, దీపాలు లేవు, మనుషుల అలికిడి లేదు. ఇసుక, అలల హోరు, అంతే.

"తాతయ్యా, ఇక్కడ చూడటానికి ఏమీ లేదేం?" అన్నది చెల్లెలు.

అన్న టార్చి వెలిగించాడు. ఆ వెలుగులో నల్లని చిన్న ప్రాణి ఒకటి వాళ్లవైపే పాకుతూ వస్తున్నది. రెండంగుళాలైనా లేదు.

"ముందు ఆ టార్చి ఆర్పు నాయనా! తాబేలుపిల్ల దారి తప్పుతున్నది" అన్నాడు తాతయ్య.

అవి ఆలివ్ రిడ్లే తాబేళ్లు. తల్లి రాత్రివేళ ఒడ్డుకు వచ్చి, ఇసుకలో గుంట తవ్వి, సుమారు వంద గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. వాటిని పొదిగేది ఇసుక వేడి. వేడి ఎక్కువైతే ఆడవి, తక్కువైతే మగవి ఎక్కువగా పుడతాయి. ఏడెనిమిది వారాలకు పిల్లలు పైకి వస్తాయి. చీకట్లో నేల కంటే సముద్రం వైపు కాస్త వెలుగు ఉంటుంది. ఆ వెలుగే వాటికి దారి. ఒడ్డున దీపాలుంటే అటు మళ్లి, కాకులకూ కుక్కలకూ చిక్కుతాయి.

టార్చి ఆరింది. పిల్ల కాసేపు కదలలేదు. తరువాత మెల్లగా నీటివైపు తిరిగింది. మొదటి అల దానిని వెనక్కి నెట్టింది, రెండవ అల తీసుకొనిపోయింది.

"మళ్లీ వస్తుందా?" అని అడిగింది చెల్లెలు.

"వెయ్యింటిలో ఒకటి బతికితే గొప్ప. బతికినదానికి గుడ్లు పెట్టే వయసు రావడానికి పది పదిహేనేళ్లు పడుతుందమ్మా."

ఆ పాప వేళ్లు లెక్కపెట్టుకొన్నది. "అప్పటికి నాకు పాతికేళ్లు."