‘ఐ గోడ్’ అన్న పిల్లవాణ్ణి కసరకు

చిరంజీవి చెల్లెమ్మకు,

నీ ఉత్తరం అందింది. మూడో తరగతి పిల్లలచేత క్రియల పట్టిక రోజూ వల్లె వేయిస్తున్నా, ‘నిన్న ఎక్కడికి వెళ్ళావు’ అని ఇంగ్లీషులో అడిగితే ‘ఐ గోడ్ టు అమ్మమ్మ హౌస్’ అంటున్నారని వాపోయావు. హెడ్మాస్టరు గారి ఎదుట అలా అన్నందుకు ఒకణ్ణి కసిరానని కూడా రాశావు. ముందు ఆ పిల్లవాడి సంగతే చెప్తాను.

నువ్వు చెప్పిన పాఠం వాడికి ఒంటబట్టింది. క్రియ చివర ‘ఎడ్’ చేరిస్తే జరిగిపోయిన పని అవుతుందని ప్లేడ్, ఓపెన్డ్ లాంటి మాటల నుంచి పట్టేశాడు. గోడ్ అనే మాట ఏ పుస్తకంలోనూ లేదు, ఎవరూ వాడికి నేర్పలేదు. తనే తయారుచేసుకున్నాడు. ఇంగ్లీషు ఇంటిభాషగా పెరిగే పిల్లలు కూడా చిన్నప్పుడు ఇలాగే అంటారు. అంతకుముందు వాళ్ళు వెంట్ అని సరిగ్గానే అంటారు. సూత్రం తెలిశాక గోడ్ మొదలవుతుంది. వినగా వినగా మళ్ళీ వెంట్‌కి వస్తారు. 1958లో జీన్ బెర్కో అనే అమెరికన్ పరిశోధకురాలు అసలు లేని క్రియలు కల్పించి పిల్లల్ని అడిగి చూశారు. ఈ మనిషికి గ్లింగ్ చేయడం వచ్చు, నిన్నా అదే చేశాడు, మరి నిన్న ఏం చేశాడు అంటే పిల్లల్లో ఎక్కువమంది ‘గ్లింగ్డ్’ అన్నారు. పెద్దవాళ్ళలో చాలామంది రింగ్‌కి ర్యాంగ్ లాగా ‘గ్ల్యాంగ్’ అన్నారు. అంటే సూత్రం త్వరగా పట్టుబడుతుంది, దాన్ని దాటిపోయే మాటలు చాలా విన్నాకే స్థిరపడతాయి. మన పిల్లలకు ఇంగ్లీషు వినపడేది ఎక్కువగా నీ నోటి నుంచే. అందుకే నీ మాటకు అంత విలువ.

కాబట్టి వాడు ‘ఐ గోడ్’ అన్నప్పుడు ‘తప్పు’ అని ఆపకు. ‘ఓ, యూ వెంట్ టు అమ్మమ్మాస్ హౌస్! వాట్ డిడ్ యూ ఈట్?’ అని మాట కలుపు. సరైన మాట వాడి చెవిన పడుతుంది, కబురూ ఆగదు.

ఇక పట్టిక. వీవన్, వీటూ, వీత్రీ అని మనమందరం గొంతెత్తి చదివినవాళ్ళమే. కానీ గో-వెంట్-గాన్ అని వరసగా అప్పజెప్పే పిల్లవాడికి గో అన్న తర్వాతే వెంట్ గుర్తొస్తుంది. మాట్లాడేటప్పుడు ఆ వరస ఉండదు, నేరుగా వెంట్ అందాలి. మూడో తరగతిలో మూడో రూపంతో పనే లేదు, ఆ గాన్‌ని పై తరగతులకు వదిలెయ్.

ఇంగ్లీషులో వెంట్ లాగా ‘ఎడ్’ సూత్రానికి లొంగని క్రియలు సుమారు 180 ఉంటాయి. భయపడకు. అతి తరచుగా వాడే పది క్రియలు బీ, హ్యావ్, డూ, సే, గో, గెట్, మేక్, కమ్, సీ, టేక్. పదీ సూత్రానికి లొంగనివే. పూర్వం హెల్ప్, క్లైంబ్ కూడా ఇలా లోపలి అచ్చు మార్చుకునేవే, తర్వాత ‘ఎడ్’ దారిలో పడ్డాయి. రోజూ నోట్లో నలిగేవి మాత్రం పాత రూపంతోనే నిలబడ్డాయి. నీ తరగతిలోనూ అంతే, వాడకంలో ఉన్నవే నిలుస్తాయి.

వాడకానికి కథ కంటే మంచి దారి నాకు తెలియదు. దాహం వేసిన కాకి కథ తీసుకో. పిల్లలకు తెలుగులో ముందే తెలుసు గనుక అర్థం కోసం తడుముకోరు. ‘ఎ క్రో ఫ్లూ అండ్ ఫ్లూ. ఇట్ సా ఎ పాట్. ఇట్ ఫౌండ్ సమ్ స్టోన్స్. ద వాటర్ కేమ్ అప్. ద క్రో డ్రాంక్. ఇట్ ఫ్లూ అవే.’ ఒక్కో వాక్యానికి ఒక చేష్ట పెట్టు. మూడోసారి చెప్పేటప్పుడు క్రియ దగ్గర ఆగు, పిల్లలే అందిస్తారు. మర్నాడు కాకి బదులు కోతిని పెట్టమను. ఆ కోతి ఎక్కడికి పోయిందో, ఏం తిన్నదో వాళ్ళే కల్పిస్తారు. కేమ్, సా, ఏట్, టుక్ అన్నీ అందులోనే దొర్లుతాయి.

కాస్త పెద్ద పిల్లలకైతే ఒకే మోతగా మారేవాటిని కలిపి వినిపించు. కీప్-కెప్ట్, స్లీప్-స్లెప్ట్, స్వీప్-స్వెప్ట్ ఒక జట్టు. బ్లో-బ్లూ, గ్రో-గ్రూ, త్రో-త్రూ ఇంకొకటి. కట్, పుట్, హిట్ అసలు మారవు. అక్షరక్రమంలో వేసిన పట్టికలో ఈ చుట్టరికం కనపడదు. ఒకే రోజు రెండు జట్లు పెట్టకు, కలగాపులగం అవుతుంది.

ఇంకొక్క చిక్కు. వెంట్ వచ్చాక ‘డిడ్ యూ వెంట్’, ‘ఐ డిడ్ నాట్ వెంట్’ మొదలవుతాయి. డిడ్ వచ్చిన చోట జరిగిపోయిన కాలాన్ని అదే మోస్తుంది, క్రియ మొదటి రూపంలో ఉండిపోతుంది. మనకిది వింత కాదు. ‘వచ్చాడు’ అంటాం, కాదనాలంటే ‘రాలేదు’ అంటాం. ‘వచ్చలేదు’ అని మన ఊళ్ళో ఏ పిల్లవాడూ అనడు. వాళ్ళకు సూత్రాలు చెప్పకుండా ‘డిడ్ యూ గో? నో, ఐ డిడ్ నాట్ గో. ఐ స్టేడ్ అట్ హోమ్’ అని జంటలుగా ఆడించు. ఒకడు అడగాలి, ఒకడు చెప్పాలి.

గోడ మీది పట్టిక పీకెయ్యనక్కర్లేదు, చూసుకోవడానికి ఉండనీ. దాని మీద మార్కులు మాత్రం వెయ్యకు. ఈ నెలకు ఆ పది క్రియలూ, రెండు కథలూ చాలు. తనిఖీకి వచ్చినవాళ్ళు పిల్లలకు ఏం వచ్చని అడిగితే, నువ్వు కసిరిన ఆ పిల్లవాడిచేతే కథ చెప్పించు. మధ్యలో ఒక గోడ్ దొర్లినా చెప్పనివ్వు.

ఆశీస్సులతో,
అక్క