ఇనప్పెట్టెలో నెగెటివ్

అలియాబాద్ అక్కలారా, చెల్లెళ్లారా! మీ పెళ్లి ఫొటో ఎక్కడుంది? ఇనప్పెట్టెలోనా? దాని పక్కన రీలు ముక్కలు కూడా ఉన్నాయా? పారెయ్యకండి. అవి నెగెటివ్‌లు.

పాత కెమెరాలో రీలు వేసేవారు. పెద్ద రీలుకు 36 ఫొటోలు వచ్చేవి. కడగకముందు వెలుతురు తగిలితే రీలు పాడయ్యేది. అందుకే చీకటి గదిలో మందు నీళ్లతో కడిగేవారు. నెగెటివ్‌లో నల్లని జడ తెల్లగా కనిపిస్తుంది. నెగెటివ్ ఉంటే ఎన్ని ఫొటోలైనా మళ్లీ తీయించవచ్చు.

రీలు రాకముందు గాజు పలకల మీద ఫొటోలు తీసేవారు. సికింద్రాబాద్‌లో లాలా దీన్ దయాళ్ అలా తీశారు. 1892లో ఆయన హైదరాబాదులో ఆడవాళ్ల కోసమే ఒక స్టూడియో తెరిచారు. దాన్ని ఒక ఇంగ్లీషు స్త్రీ నడిపారు. పరదా పాటించే స్త్రీలు అక్కడ ఫొటో దిగేవారు.

పాటల క్యాసెట్టు 1963లో వచ్చింది. టేపు బయటికొస్తే పెన్సిల్‌తో చుట్టేవాళ్లం. మీ అమ్మ పాడిన పెళ్లిపాట అందులో ఉందా? దాని మీద ఇంకో పాట ఎక్కిస్తే అమ్మ గొంతు చెరిగిపోతుంది.

ఇప్పుడు సెల్‌ఫోన్ ఉంది. రీలు ఖర్చు లేదు. కాని ఫోన్ పోతే ఫొటోలూ పోవచ్చు. ముఖ్యమైనవి కాగితం మీద తీయించండి.

నెగెటివ్‌ను అంచులు పట్టుకొని తీయండి. తడి, ఎండ తగలనీయకండి. ఫొటో వెనుక పేర్లు, సంవత్సరం మెల్లగా పెన్సిల్‌తో రాయండి. రేపు మనవరాలు "ఈమె ఎవరు?" అంటుంది. చెప్పడానికి మనం ఉండకపోవచ్చు. రాత ఉంటుంది. ఇప్పుడు మీకు రాయడం వచ్చు కదా!

చెప్పండి: మీ ఇంట్లో అన్నిటికన్నా పాత ఫొటో ఎవరిది?
రాయండి: అందులో ఉన్నవారి పేర్లు.