వలస చదువుకు బయల్దేరుతున్న బుజ్జికి

జూబ్లీహిల్స్,
హైదరాబాద్

చిరంజీవి బుజ్జికి,

 

ఫిల్మ్‌నగర్ ఆఫీసులో ఉద్యోగం మానేసి ప్రవాస తెలుగువాళ్ల మీద పీహెచ్‌డీ చేస్తానంటున్నావని మీ అమ్మ కంగారుపడుతోంది. ఆమెకు నేను నచ్చజెబుతాను. నీకు మాత్రం కొన్ని విషయాలు ఉన్నదున్నట్టు చెప్పాలి. నా ఉద్యోగ జీవితమంతా ఈ చదువులోనే గడిచింది కాబట్టి ఆ చనువు తీసుకుంటున్నాను.

ముందుగా, నువ్వు ఇన్నాళ్లూ చేసిన పనిని తక్కువగా చూడకు. సినిమాను నైజాం, సీడెడ్, ఆంధ్రా, ఓవర్సీస్ అని పంచి అమ్మే చోట కూర్చున్నావు. అమెరికాలో ప్రీమియర్ పడితే మనకు తెల్లవారేలోపే డల్లాస్ నుంచి, న్యూజెర్సీ నుంచి టాక్ వచ్చేస్తుంది. ఇక్కడ మార్నింగ్ షో టికెట్ల మీద దాని ప్రభావం ఎంతో నీకు తెలిసినంతగా ఏ ప్రొఫెసర్‌కూ తెలియదు. 2011లో ‘దూకుడు’ సినిమా వసూళ్లు అమెరికాలో పది లక్షల డాలర్లు దాటాయి. 2010 నుంచి 2017 వరకు అమెరికా ఇళ్లలో మాట్లాడే పెద్ద భాషల్లో అన్నిటికంటే వేగంగా పెరిగింది తెలుగే, పెరుగుదల 86 శాతం. ఈ రెండింటినీ కలిపి చూడటం నీకు ఆఫీసే నేర్పింది.

కానీ ఆ ఓవర్సీస్ మ్యాపు టికెట్టు కొనగలిగినవాళ్ల మ్యాపు. నీ పరిశోధన మ్యాపులో కొనలేనివాళ్లు కూడా ఉండాలి. ఈ ఉత్తరంలో నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట ఇదే.

ఉదాహరణకు, 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. నాటాల్ చెరుకు తోటలకు కూలీలను తీసుకెళ్లిన మొదటి ఓడ అది. అలాంటి ఓడల్లో వెళ్లినవాళ్ల జాబితాలు నేటికీ ఉన్నాయి. ఒక్కో మనిషికి ఒక్కో వరుస: నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటిమీది మచ్చలు. పారిపోతే పట్టుకోవడానికి కూడా పనికొచ్చేలా రాసుకున్న కాగితం అది. ఈ రోజు అదే ఒక కుటుంబానికి తన ఊరు చూపించే ఆధారం. అలాంటి పేజీ ఒకటి ముందు పెట్టుకుని, ఒక్కో గడీ ఎవరు అడిగి ఉంటారు, ఎవరు రాసి ఉంటారు, రాసినవాడికి తెలుగు పేరు సరిగ్గా వినబడిందా అని ఆలోచించడం నేర్చుకో. పరిశోధన అక్కడ మొదలవుతుంది.

ఫిజీలో గిర్మిట్ (ఒప్పంద) కూలీ మనవడిగా పుట్టిన బ్రిజ్ లాల్, ఉత్తరాది నుంచి ఆ దీవులకు వెళ్లినవాళ్ల 45,000కు పైగా ఎమిగ్రేషన్ పాసులను పరిశీలించి 1983లో ‘గిర్మిటియాస్’ ప్రచురించాడు. 1903 నుంచి మద్రాసు మీదుగా ఫిజీ వెళ్లిన దక్షిణాదివాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్ల గురించి అంత శ్రద్ధగా రాయాల్సిన బాధ్యత మనది. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లు, కన్సల్టెన్సీలు, కట్నం డబ్బు కలిసి మన పిల్లల్ని విదేశాలకు ఎలా పంపుతున్నాయో 2007లో పుస్తకంగా చెప్పినవాడు చైనాకు చెందిన షియాంగ్ బియావో. మన గుమ్మం ముందరి కథ చెప్పడానికి అంత దూరం నుంచి ఆయన వచ్చాడు. అపర్ణ రాయప్రోలు పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి గుడిలో ఆడవాళ్లు ఏం చేస్తారో, దానితో వాళ్ల స్థానం ఎలా మారిందో గమనించి 1997లో పుస్తకం తెచ్చారు. అప్లికేషన్ పెట్టేలోపు ఈ మూడూ చదువు.

బర్మాను మరిచిపోకు. రంగూన్ రేవులో మూటలు మోసినవాళ్లలో మనవాళ్లే ఎక్కువ. 1930 మేలో రంగూన్‌లో జరిగిన అల్లర్లలో ఎక్కువగా ప్రాణాలు పోగొట్టుకున్నదీ వాళ్లే. 1942లో, యుద్ధ సమయంలో, ఎందరో కొండలూ అడవులూ దాటి మన దేశానికి నడిచి వచ్చారు, 1960లలో ఇంకా కొందరు ఓడలెక్కి వచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు అనే పేటే ఉంది. ఆ తరం ముసలివాళ్లు రాలిపోతున్నారు. కాగితాలు ఆగుతాయి, మనుషులు ఆగరు. అందుకే ముందు వాళ్ల దగ్గరికి వెళ్లు.

తెలంగాణలో బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి అనే మాట నీకు తెలుసు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లో గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లతో మాట్లాడేటప్పుడు జాగ్రత్త. కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) దగ్గర్నుంచి బయటపడి ఖల్లివల్లి (కాగితాలు లేని కార్మికుడు) అయిన మనిషి పేరు నీ నోట్‌బుక్‌లో ఉంటే, అది అతని మెడకు చుట్టుకోవచ్చు. పేరు, ఊరు, ఏజెంట్ వివరాలు వేరుగా దాచు. అడగకుండా ఫోన్‌లో రికార్డు చెయ్యకు. నీ థీసిస్ కోసం ఎవరి బతుకూ పణంగా పెట్టే హక్కు నీకు లేదు.

కులం సంగతి వచ్చినప్పుడు తప్పించుకోకు. మన సంఘాల్లో, పెళ్లి సంబంధాల్లో కులం సముద్రం దాటి వెళ్లింది. 2023లో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించింది. అదే ఏడు కాలిఫోర్నియాలో అలాంటి బిల్లును గవర్నర్ వీటో చేశాడు. రెండు వైపులా వాదించినవాళ్లలో భారతీయులు ఉన్నారు. ఇరువైపుల మాటా విను, సాక్ష్యం ఏం చెబితే అదే రాయి. నీ కులంవాళ్లు నొచ్చుకుంటారేమోనని వాక్యం మార్చిన రోజు నువ్వు పరిశోధకురాలివి కావు.

ఇక బతుకుతెరువు. మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ప్రవాస భారతీయుల అధ్యయన కేంద్రం 1996 నుంచి ఉంది. ఇంటికి దగ్గర, అక్కడ ప్రయత్నించు. కానీ డయాస్పోరా పేరుతో లెక్చరర్ పోస్టులు చాలా అరుదు. అందుకే సోషియాలజీలో పునాది గట్టిగా వేసుకో, నెట్ రాయి, జేఆర్‌ఎఫ్ కోసం నిజంగా చదువు. ఫెలోషిప్ డబ్బు నెలనెలా టైముకు పడుతుందని నమ్ముకుని అప్పు చెయ్యకు. హిందీ, ఉర్దూ బాగా రావాలి. మారిషస్ మీద మనసుంటే ఫ్రెంచ్, క్రియోల్ ఇప్పుడే మొదలుపెట్టు. ఇంగ్లీషులో రాసిన ప్రతి వ్యాసాన్నీ తెలుగులో కూడా రాయి. ఎవరి గురించి రాశామో వాళ్లు చదవలేని చదువు సగం చదువే.

ఉద్యోగం మానే ముందు ఒక పని చెయ్యి. కృష్ణానగర్‌లో షూటింగ్ కబురు కోసం ఎదురుచూసే జూనియర్ ఆర్టిస్టులతో, లైట్‌బాయ్‌లతో కొన్ని ఆదివారాలు కూర్చో. ఏ ఊరు, ఎవరు తీసుకొచ్చారు, ఇంటికి ఎంత పంపుతారు, పండక్కి వెళ్తారా అని అడుగు. తెలుగు సినిమా అంతా మద్రాసు నుంచి వలస వచ్చి ఇక్కడ స్థిరపడిందే కదా. నీకు జవాబు చెప్పడానికి వాళ్లు ఇష్టపడితే, వినడానికి నీకు ఓపిక చాలితే, ఈ దారి నీదే. అప్పుడు ధైర్యంగా రాజీనామా ఇవ్వు. మీ అమ్మ సంగతి నేను చూసుకుంటాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ