ఎర్ర కాగితమా, నీలి కాగితమా?



ఈ నెల పాఠం ఒక దెయ్యం ఆట గురించి. ఐదు నుంచి ఎనిమిదో తరగతి వరకు చదివే పిల్లలున్న ఇళ్ళవాళ్ళు తప్పక చదవండి.

జపాన్ బడిపిల్లలు చాలా కాలంగా చెప్పుకునే కథ ఒకటుంది. స్కూల్ టాయిలెట్‌లో చివరి గదిలోకి ఒంటరిగా వెళ్తే ఒక గొంతు అడుగుతుందట: "ఎర్ర కాగితం కావాలా? నీలి కాగితం కావాలా?" ఏ రంగు చెప్పినా ప్రాణం పోతుంది. తెలివిగా మూడో రంగు చెప్పినా తప్పించుకోలేరు. "ఏదీ వద్దు" అన్నవాళ్ళే బయటపడతారు. ఆ దెయ్యం పేరు అకా మాంటో. 'చిల్లాస్ ఆర్ట్' పేరుతో ఇద్దరు జపాన్ అన్నదమ్ములు 2019లో ఇదే పేరుతో ఒక చిన్న కంప్యూటర్ గేమ్ చేశారు. మరుసటి ఏడాది వాళ్ళదే ఇంకొకటి వచ్చింది, రాత్రి డ్యూటీలో షాపు చూసుకునే ఒక అమ్మాయి కథ.

ఇలాంటి ఆటల్ని ఒకరిద్దరే తయారుచేస్తారు. ధర తక్కువ, గంటా రెండు గంటల్లో అయిపోతాయి. పాత వీడియో క్యాసెట్‌లా గీతలు పడే బొమ్మ, ఖాళీ వరండా, ఎక్కడో తలుపు చప్పుడు. చాలాసేపు ఏమీ జరగదు, భయమంతా అందులోనే ఉంది. కొనకపోయినా యూట్యూబ్‌లో ఎవరో ఆడుతుంటే పిల్లలు చూసేస్తారు. ఆడేవాడైతే మధ్యలో ఆపుకోవచ్చు. చూసేవాడికి ఒకటి అవగానే ఇంకొకటి దానంతటదే మొదలవుతుంది.

రాక్షసుడి కోట ఉన్న ఆట కట్టేస్తే కోట కూడా పోతుంది. టాయిలెట్ మాత్రం మర్నాడు బడిలో అక్కడే ఉంటుంది. "టాయిలెట్‌కి పోవాలంటే భయం" అని ఆరో తరగతి పిల్లవాడు నోరు తెరిచి చెప్పడు, స్నేహితులు నవ్వుతారని. పోవలసిన అవసరం రాకుండా నీళ్ళు తాగడం మానేస్తాడు. నలభై డిగ్రీలు దాటే మన అనంతపురం ఎండల్లో ఇది చిన్న సంగతి కాదు. తలనొప్పి, నీరసం, మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్ దాకా పోవచ్చు. అందుకే సాయంత్రం బ్యాగు తీసేటప్పుడు మార్కుల కంటే ముందు వాటర్ బాటిల్ చూడండి. పొద్దున నింపింది నింపినట్టే వస్తోందా?

మీకూ ఒక దెయ్యం తెలుసు. 1990లలో మన ఊళ్ళలో తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకున్నారు. సరిహద్దు దాటితే కర్ణాటకలో అదే "నాళె బా". రాత్రిపూట తెలిసినవాళ్ళ గొంతుతో పిలుస్తుంది, తలుపు తీస్తే అంతే. రాత చదివి వెనక్కి పోతుంది, మర్నాడొచ్చి మళ్ళీ చదువుకుంటుంది. (దెయ్యానికి తెలుగు చదవడం వచ్చని ఎవరికీ అనుమానం రాలేదు!) జపాన్‌లో 1979లో నోరు చీలిన స్త్రీ వదంతి దేశమంతా పాకినప్పుడు పిల్లల్ని గుంపులుగా, పెద్దల తోడుతో ఇళ్ళకు పంపిన బడులున్నాయి. ఆమె నుంచి తప్పించుకోవడానికి "పోమేడ్" అనే తలనూనె పేరు మూడుసార్లు అనాలని పిల్లలు చెప్పుకునేవాళ్ళు.

చూడండి, ప్రతి కథలోనూ ఒక ఉపాయం ఉంది. భయపెట్టే కథే బయటపడే మాట కూడా చెబుతుంది. అయితే అప్పట్లో వీధి వీధంతా కలిసి భయపడింది. నాన్న సుద్దముక్కతో తలుపు మీద రాశాడు, జేజి పక్కన పడుకుంది. ఇప్పుడు మీ అబ్బాయి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, దుప్పటి కింద, ఒక్కడే భయపడుతున్నాడు.

అందుకే ఫోన్ లాక్కోవడంతో ఆగిపోవద్దు. "దెయ్యాల్లేవు, పడుకో" అని కసురుకోవడం కూడా పనిచేయదు. అన్నం తినకపోతే బూచోడొస్తాడని చెప్పి పెంచింది మనమే కదా! ఒక ఆదివారం పగటిపూట, లైట్లన్నీ వేసి, ఆ వీడియో వాడితోనే పెట్టించి పక్కన కూర్చోండి. ఒకసారి శబ్దంతో, ఒకసారి శబ్దం పూర్తిగా ఆపేసి చూడండి. భయంలో చాలా భాగం శబ్దమేనని వాడే కనిపెడతాడు. తర్వాత కథ తెలుగులో చెప్పమనండి. అడిగేది ఎవరు, ఏమడుగుతారు, ఏం చెబితే వదిలేస్తారు? ఆ రాత్రి మిద్దె మీద పడుకున్నప్పుడు జేజినో అవ్వనో "రేపు రా" కథ చెప్పమనండి. రెండు కథల్నీ పక్కపక్కన పెట్టి ఒక పేజీ రాసుకొస్తే తెలుగు టీచర్ సంతోషంగా చదువుతారు.

చిన్న తరగతుల పిల్లలకు మాత్రం ఇవేవీ వద్దు. ఫోన్‌లో గేమ్ వేసేముందు దాని పేజీలో వయసు అంకె చూడండి; 16+, 18+ అని ఉంటే మారు మాట లేదు.

నిద్రలో ఉలిక్కిపడటం, పక్క తడపడం, బాటిల్ నిండుగా రావడం రెండు వారాలు దాటినా తగ్గకపోతే డైరీలో క్లాస్ టీచర్‌కు ఒక్క వాక్యం రాయండి. కారణం రాయనక్కర్లేదు, "టాయిలెట్‌కి తోడు కావాలి" అంటే చాలు. ఇంటర్వెల్‌లో ఒక స్నేహితుణ్ణి తోడు పంపుతారు. మూత్రంలో మంట ఉంటే రెండు వారాలు ఆగకుండా డాక్టర్‌కు చూపించండి.