ఎమ్యులేటర్ నేరం కాదు, గేమ్ ప్రతి ఎక్కడిదన్నదే ప్రశ్న

ప్రశ్న: హైదరాబాద్‌లో తయారైన ‘హనుమాన్: బాయ్ వారియర్’ గేమ్‌ను ఎమ్యులేటర్ సాయంతో ల్యాప్‌టాప్‌లో ఆడటం నేరమవుతుందా?
– ఇంజనీరింగ్ విద్యార్థి, బాచుపల్లి

జవాబు: హైదరాబాద్‌కు చెందిన అరోనా టెక్నాలజీస్ రూపొందించగా 2009లో సోనీ ప్లేస్టేషన్ 2 కోసం విడుదల చేసిన ఈ గేమ్, పూర్తిగా భారతదేశంలో తయారైన తొలి కన్సోల్ గేమ్‌గా పేరు పొందింది. ఆ కన్సోల్ తయారీ 2013 నాటికి నిలిచిపోవడంతో, దీన్ని ఆడదలచినవారు పాత యంత్రాన్ని వెతుక్కోవాలి, లేదా ఒక యంత్రం పనితీరును మరో యంత్రంలో అనుకరించే ప్రోగ్రామ్ అయిన ఎమ్యులేటర్‌ను ఆశ్రయించాలి. అటువంటి ప్రోగ్రామ్‌ను స్వతంత్రంగా రాయడం గానీ వాడటం గానీ నేరం కాదు. ప్లేస్టేషన్ ఎమ్యులేటర్‌ను తయారుచేసిన కనెక్టిక్స్ సంస్థపై సోనీ వేసిన దావాలో అమెరికా అప్పీలు కోర్టు 2000లో కనెక్టిక్స్ పక్షాన తీర్పు చెప్పింది. భారత కాపీరైట్ చట్టం, 1957లోని 52వ సెక్షన్ కూడా ఒక ప్రోగ్రామ్ పనితీరును పరిశీలించి పరీక్షించడాన్ని కొన్ని షరతులతో అనుమతిస్తోంది.

చిక్కంతా గేమ్ ఫైలు దగ్గర, బయోస్ దగ్గర వస్తుంది. బయోస్ అంటే స్విచ్ వేయగానే కన్సోల్‌ను పనిలోకి దింపే మూల సాఫ్ట్‌వేర్. అది సోనీ సొత్తు కనుక పీసీఎస్‌ఎక్స్2 అనే ఎమ్యులేటర్ దాన్ని తనతో పాటు ఇవ్వదు, వాడేవారు తమ సొంత కన్సోల్ నుంచే తీసుకోవాలని చెబుతుంది. చట్టబద్ధంగా కొన్న ప్రోగ్రామ్ పాడైపోతుందేమోనని నకలు తీసుకోవడానికి 52వ సెక్షన్ వీలు కల్పిస్తున్నందువల్ల, సొంత డిస్క్ నుంచి ఫైలు తీసుకుని ఆడేవారి వాదనకు బలం ఉంటుంది. డిస్క్ కొనకుండా డౌన్‌లోడ్ చేసుకున్నవారికి ఆ ఆసరా లేదు. పైగా, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో కాపీ రక్షణను ఛేదించడాన్ని 2012 సవరణతో వచ్చిన 65ఎ సెక్షన్ శిక్షార్హం చేసింది.

ప్రశ్న: కంపెనీయే అమ్మడం మానేసిన గేమ్‌ను డౌన్‌లోడ్ చేసుకుంటే ఎవరికి నష్టం?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ప్రగతి నగర్

జవాబు: అమ్మకం ఆపినంత మాత్రాన కాపీరైట్ రద్దు కాదు, కాబట్టి చట్టం దృష్టిలో అది ఉల్లంఘనే. అయినా ఈ ప్రశ్న వెనుక న్యాయమైన ఆవేదన ఉంది. అమెరికాలో విడుదలైన పాత గేమ్‌లలో 87 శాతం నేడు మార్కెట్లో దొరకడం లేదని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తేల్చింది. మన దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకం కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి చేరాలని 1954 నాటి చట్టం నిర్దేశిస్తుంది గానీ, వీడియో గేమ్‌కు అటువంటి ఏర్పాటు ఆ చట్టంలో లేదు. హైదరాబాద్ యువ ఇంజనీర్లు చెమటోడ్చి చేసిన తొలి ప్రయత్నం వంటిది కూడా ఎవరో ఒకరి అల్మారాలోని డిస్క్ మీదే ఆధారపడి బతుకుతోంది. గ్రంథాలయాలకు, విశ్వవిద్యాలయాలకు పాత గేమ్‌లను భద్రపరిచే స్పష్టమైన హక్కు ఇవ్వవలసిన బాధ్యత పార్లమెంటుది. అంతవరకు భద్రపరచడం అనే మాటను నిన్న విడుదలైన గేమ్‌కు వర్తింపజేయడం మాత్రం న్యాయం కాదు.

ప్రశ్న: వేల గేమ్‌లు నింపి చవకగా అమ్మే చేతి కన్సోల్‌ను పిల్లలకు కొనవచ్చా?
– ఒక తల్లి, నిజాంపేట

జవాబు: కొనకపోవడమే మంచిది. అన్ని గేమ్‌లకు లైసెన్సు చెల్లించి ఆ ధరకు అమ్మడం సాధ్యం కాదు, ఆ డబ్బులో గేమ్‌ల తయారీదారులకు పైసా కూడా చేరదు. అక్రమ నకలని తెలిసి వాడినవారికి కాపీరైట్ చట్టంలోని 63బి సెక్షన్ ఏడు రోజుల నుంచి మూడేళ్ల వరకు జైలు నిర్దేశిస్తుంది. లాభం కోసం కాని వాడకమైతే కోర్టు జైలు విధించకుండా రూ.50,000 లోపు జరిమానాతో సరిపెట్టవచ్చు. అమ్మకందారుకు ఈ సడలింపు వర్తించదు.