చోదకుని మనస్సు

హైదరాబాదు నగరమునకు తూర్పుదిక్కున, మలకుపేటకును దిల్‌సుఖ్‌నగరమునకును నడుమ మూసారాంబాగ్ అను పేట కలదు. నిజాము కొలువులో సేనానిగా నుండి 1798వ సంవత్సరమున మరణించిన రేమండు అను ఫ్రెంచి దేశీయుని జనులు 'మూసారాం' అని పిలుచుకొనిరి. ఆ పేరే ఈ పేటకు నిలిచినది. ఆయన సమాధి దాపుననే గుట్టపై నేటికిని కలదు. గుఱ్ఱపు దళములు తిరిగిన ఈ చోటనే నేడు విజయవాడకు పోవు రహదారి సాగుచున్నది. 2018వ సంవత్సరము సెప్టెంబరు నెలనుండి ఆ రహదారికి మీదుగా మెట్రోరైలు నడచుచున్నది. పైని రైలు తన పట్టాలపై తాను పోవును. దానికి అడ్డువచ్చు వారెవరును లేరు. క్రింద మాత్రము బస్సులు, లారీలు, కార్లు, ఆటోలు, మోటారు సైకిళ్లు, త్రోపుడుబండ్లు, పుస్తకముల సంచి వీపున వేసికొన్న బడిపిల్లలు, అందఱును ఒకే బాటను పంచుకొనవలెను.

ఇట్టి బాటపై ప్రమాదము జరిగినపుడు గుమిగూడిన జనులలో ఒకరు 'వాని తలవ్రాత' అందురు. వేఱొకరు 'బ్రేకులు పడలేదు' అందురు. మఱియొకరు 'కుఱ్ఱకారు, వినరు' అని పెదవి విఱుతురు. ఈ మాటలలో దేనితోను శాస్త్రజ్ఞుడు తృప్తి చెందడు. ఇంగ్లండు దేశమున స్మీడు అను గణితవేత్త పలుదేశముల లెక్కలను ప్రక్కప్రక్కన నుంచి పరిశీలించి, జనసంఖ్యకును వాహనముల సంఖ్యకును బాటలపై మరణించువారి సంఖ్యకును ఒక సంబంధము కలదని 1949లో చూపెను. విడిగా చూచినచో ప్రతి ప్రమాదమును ఆకస్మికమే. వేలకొలదిగా చేర్చి చూచినచో వానిలో ఒక క్రమము కానవచ్చును. క్రమము కలదనగా కారణము కలదన్నమాట. కారణము కలదనగా దానిని వెదకవచ్చును.

మన దేశమున ఈ వెదకులాట ఎంత అవసరమో ఒక్క లెక్క చెప్పును. 2022వ సంవత్సరమున భారతదేశపు బాటలపై 4,61,312 ప్రమాదములు జరిగి 1,68,491 మంది ప్రాణములు కోల్పోయిరి. అనగా ఇంచుమించు మూడు నిమిషముల కొకరు. వారిలో నూటికి నలువదినలుగురు ద్విచక్ర వాహనములపై పోవుచుండినవారు.

ద్విచక్ర వాహనచోదకుల నడవడినిగూర్చి మన హైదరాబాదుననే ఒక చక్కని పరిశోధన జరిగినది. రాఖీ దండోనా, అనిల్ కుమార్, లలిత్ దండోనా అను పరిశోధకులు దానిని నిర్వహించి 2006లో ప్రకటించిరి. వారు ఎన్నుకొనిన స్థలమును చూడుడు: పెట్రోలు బంకులు! పరుగెత్తు బండిని ఆపి ప్రశ్నలడుగుట సాధ్యము కాదు. ఇండ్లకు పోయి అడిగినచో బండి నడుపువారు ఇంట నుండరు. ఆసుపత్రులలో అడిగినచో గాయపడినవారే దొరకుదురు, సుఖముగా తిరుగువారు దొరకరు. కాని ధనికుడైనను పేదయైనను, ఉద్యోగియైనను కళాశాల విద్యార్థియైనను, పెట్రోలు బంకువద్ద బండి ఆపక తప్పదు. ఈ చిన్న యుక్తిలోనే పరిశోధకుల తెలివి యంతయు కానవచ్చుచున్నది.

ఇట్లు వారు 4,183 మంది చోదకులను ప్రశ్నించిరి. వారిలో నూటికి పదునొకండుగురు అసలు లైసెన్సే పొందలేదు. పొందినవారిలోను అయిదింట ఒకవంతునకు పైగా, విధిగా ఇయ్యవలసిన పరీక్ష ఇయ్యకయే పొందితిమని చెప్పిరి. శిరస్త్రాణమును, అనగా హెల్మెట్టును, ఎన్నడును ధరింపనివారును, ఏ పండుగనాడో ధరించినట్లు అరుదుగా ధరించువారును కలిసి మూడింట రెండువంతులు తేలిరి. బాట నిబంధనలను ఇటీవలనే మీఱితిమని సగముకంటె ఎక్కువమంది ఒప్పుకొనిరి. ఇవి యన్నియు పరులు మోపిన నేరములు కావు; చోదకులు తమ నోట తాము చెప్పినవి. తన తప్పును మనుష్యుడు తగ్గించి చెప్పునే కాని పెంచి చెప్పడు కదా! కావున నిజము ఈ అంకెలకంటె కొంత హెచ్చుగనే యుండవచ్చును.

హెల్మెట్టు ధరింపనివారు ఎవరని ఆ పరిశోధకులు ఇంకను లోతుగా చూచిరి. చదువు తక్కువగా నున్నవారు, ఎరవు తెచ్చిన బండి నడుపువారు, మోపెడు వంటి చిన్న బండ్లవారు ఎక్కువగా నుండిరి. చిన్నబండికి పెద్ద ప్రమాదము రాదని వారనుకొనిరి కాబోలు. బండి చిన్నదైనను దానిని ఢీకొను లారీ చిన్నది కాదు. పలుదేశముల పరిశోధనలను క్రోడీకరించి 2008లో పండితులు తేల్చిన దేమనగా, హెల్మెట్టువలన ప్రమాదమున మరణభయము నూటికి 42 పాళ్లును, తలకు గాయమగు భయము 69 పాళ్లును తగ్గును.

ఇక చోదకుని మనస్సు సంగతి. కన్నులు తెఱచియుండగనే మనుష్యుడు చూడకపోవుట సాధ్యమా? సాధ్యమేనని అమెరికాలోని ఉటా విశ్వవిద్యాలయమున స్ట్రేయరు, జాన్‌స్టను అనువారు 2001లో నిరూపించిరి. వారు విద్యార్థులకు బండి నడుపుటను పోలిన యొక పని నప్పగించి, నడుమ నడుమ ఎఱ్ఱదీపము వెలిగించి, అది కనబడగానే మీట నొక్కుమనిరి. ఫోనులో సంభాషించుచున్న విద్యార్థులు, సంభాషింపని వేళలకంటె రెండురెట్ల దీపములను విడిచిపెట్టిరి; చూచినవానికిని ఆలస్యముగా కదలిరి. రేడియో వినుచున్నవారికి ఈ దోషము కలుగలేదు. ఇంతకంటె వింతయేమనగా, ఫోను చేత పట్టినను, పట్టక విన్నను ఫలితము ఒక్కటియే. అనగా లోపము చేతిలో లేదు, సంభాషణలో చిక్కుకొన్న మనస్సులో నున్నది. ఫోనును హెల్మెట్టులోనికి దోపుకొని, చేతులు రెండును ఖాళీగానే యున్నవని ధీమాగా పోవువారికి ఈ సంగతి తెలియదు.

ప్రయోగశాలలో తేలినది బాటపై నిలుచునా అని సందేహింపవచ్చును. వర్జీనియా టెక్ పరిశోధకులు నూఱు కార్లలో కెమెరాల నమర్చి, ఏడాదికాలము చోదకులను వారి సహజరీతిని తిరుగనిచ్చిరి. 2006లో ప్రకటించిన ఫలితములనుబట్టి, ప్రమాదములలో నూటికి దాదాపు ఎనుబదింటికి ముందు, ఆ చివరి మూడు సెకనులలో, చోదకుని దృష్టి మఱలియుండెను.

ఆ మూడు సెకనులు ఎంత? లెక్కవేసి చూడుడు. గంటకు 40 కిలోమీటర్ల వేగమున పోవు బండి సెకనునకు 11 మీటర్లు పోవును. 60 కిలోమీటర్ల వేగమున పోవునది 17 మీటర్లు పోవును. శ్రద్ధగల చోదకునికైనను ప్రమాదమును చూచి బ్రేకు నొక్కుటకు ఇంచుమించు ఒక సెకను పట్టును. ఇప్పుడు ఒక బాలుడు 20 మీటర్ల ముందు బాటపైకి హఠాత్తుగా వచ్చెననుకొనుడు. ఇరువది మీటర్లనగా క్రికెట్టు ఆటలో రెండు వికెట్ల నడుమనున్న దూరము. పొడిబాటపై, మంచి బ్రేకులతో, 40 కిలోమీటర్ల చోదకుడు ఒక సెకనులో 11 మీటర్లు పోయి, పిదప మఱి 9 మీటర్లలో నిలుచును; బండి బాలుని చెంతనే ఆగును. 60 కిలోమీటర్ల చోదకునికి మొదటి సెకనులోనే 17 మీటర్లు గడచిపోవును. బ్రేకు పనిచేయుటకు మిగిలినవి మూడు మీటర్లు. బాలుని చేరునప్పటికి బండి యింకను గంటకు 55 కిలోమీటర్ల వేగముననే యుండును. ఇద్దఱును ఒకే క్షణమున చూచిరి, ఒకే క్షణమున బ్రేకు నొక్కిరి. వేగములోని భేదము ఇరువదియే. ఫలితములోని భేదము మాత్రము ఆ బాలుని తల్లి నడుగవలెను.

ఈ లెక్కలోని బాలుడు ఊహింపబడినవాడే. కాని హైదరాబాదు బాలుర సంగతి ఊహకు విడువక, శైలజ తేతలి, ఆమె సహచరులు 45 పాఠశాలలలో 11 మొదలు 14 ఏండ్ల వయస్సుగల అయిదువేలమందికి పైగా బాలబాలికల నడిగి, ఆ ఫలితములను 2016లో ప్రకటించిరి. గడచిన ఏడాదిలో బడికి పోవుచు వచ్చుచు బాటపై గాయపడితిమని నూటికి పదునేడుగురు చెప్పిరి. నలువదిమంది గల తరగతిలో దాదాపు ఏడుగురన్నమాట. ఇట్టి గాయములలో పెక్కులు ఏ పోలీసు దస్త్రమునకును ఎక్కవు. మోకాలు కట్టుకొని పిల్లవాడు మఱునాడు బడికి వచ్చును. బాలికలకంటె బాలురు, నడచిపోవువారికంటె సైకిలుపై పోవువారు హెచ్చుగా గాయపడిరి. పాఠశాల బస్సునెక్కినవారు తక్కువగా గాయపడిరి. ఇల్లు దూరమైనకొలది గాయములును పెరిగినవి. సైకిలు తొక్కు ఆ బాలునికి, అతని ప్రక్కనుండి దూసుకొనిపోవు లారీకి, వేఱువేఱు బాటలు లేవు.